కార్టికోస్టెరాయిడ్ల సురక్షిత వినియోగం: నియమాల వెనుక చరిత్ర (1855–2021)

వ్యాససంగ్రహం

కార్టికోస్టెరాయిడ్ మందును ఉన్నట్టుండి ఆపరాదు, ఉదయం పూట వేసుకోవాలి, వీలైనంత తక్కువ మోతాదులో వీలైనంత తక్కువ కాలం వాడాలి, ఏ వైద్యుని వద్దకు వెళ్లినా ఈ మందు వాడుతున్న సంగతి చెప్పాలి, ఒకరికి రాసిన మందును మరొకరు వాడరాదు. ఇవన్నీ నేడు వైద్యులు రోగులకు సాధారణంగా చెప్పే జాగ్రత్తలు. ఈ జాగ్రత్తలలో ప్రతి ఒక్కటీ ఒక పరిశీలన నుండో, ఒక ప్రయోగం నుండో, ఒక మరణం నుండో పుట్టింది. 1855లో థామస్ అడిసన్ వర్ణించిన వ్యాధి మొదలుకొని 2021లో భారతదేశంలో ప్రబలిన మ్యూకార్‌మైకోసిస్ వరకు సాగిన చరిత్రలో ఆ నియమాల మూలాలను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం. జ్ఞానం ఉండి కూడా అది రోగి దాకా చేరకపోవడమే పదే పదే జరిగిన నష్టానికి ముఖ్యకారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కార్టిసోన్, అధివృక్క గ్రంథి, ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్, వైద్యచరిత్ర, ఔషధ భద్రత, మ్యూకార్‌మైకోసిస్.

1. ప్రస్తావన

ఆధునిక వైద్యంలో కార్టికోస్టెరాయిడ్లంత విస్తృతంగా వాడే మందులు కొద్ది మాత్రమే. ఉబ్బసం, కీళ్లవాతం, చర్మరోగాలు, మూత్రపిండ వ్యాధులు, కుష్ఠువ్యాధిలో వచ్చే ప్రతిచర్యలు, అవయవ మార్పిడి, క్యాన్సర్ చికిత్స వంటి పరస్పరం సంబంధం లేని అనేక సందర్భాలలో ఇవి కనిపిస్తాయి. వీటి పట్ల ప్రజలలో రెండు విరుద్ధ భావాలు ఉన్నాయి. ‘స్టెరాయిడ్’ అనే మాట వినగానే భయపడి, వైద్యుడు రాసిన మందును సగంలో మానేసేవారు కొందరు. తక్షణ ఉపశమనానికి అలవాటుపడి, పాత చీటీతోనో, చీటీ లేకుండానో దుకాణంలో కొనుక్కొని నెలల తరబడి వాడేవారు మరికొందరు. ఈ రెండు ధోరణులూ ప్రమాదకరమైనవే. ఎందుకు ప్రమాదకరమో తెలియాలంటే ఈ మందులు వైద్యంలోకి వచ్చిన తీరును పరిశీలించాలి.

వ్యాయామశాలల్లో కండలు పెంచడానికి కొందరు వాడే అనబాలిక్ స్టెరాయిడ్లు వేరు, ఇక్కడ చర్చిస్తున్న కార్టికోస్టెరాయిడ్లు వేరు. మొదటివి పురుష హార్మోనుకు సంబంధించినవి. రెండవవి అధివృక్క గ్రంథి పైపొరలో, అంటే వల్కలంలో, పుట్టే హార్మోన్లను పోలినవి. పేరులోని సామ్యం వల్ల ఏర్పడిన అయోమయం కూడా అనవసర భయానికి ఒక కారణం.

2. ఒకే గ్రంథి, రెండు వ్యాధులు

మూత్రపిండాల పైన టోపీల వలె అమరిన రెండు చిన్న గ్రంథులను అధివృక్క గ్రంథులు అంటారు. 19వ శతాబ్ది మధ్యభాగం వరకు వీటి ప్రయోజనం ఏమిటో ఎవరికీ తెలియదు. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ 1855లో ప్రచురించిన గ్రంథంలో 11 మంది రోగుల వివరాలు ఇచ్చాడు. విపరీతమైన నీరసం, ఆకలి మందగించడం, నాడి బలహీనపడడం, చర్మం నల్లబడడం, చివరకు మరణం వారిలో కనిపించిన క్రమం. మరణానంతర పరీక్షలో వారి అధివృక్క గ్రంథులు దెబ్బతిని ఉన్నాయి. ఆ కాలంలో ఈ గ్రంథులను నాశనం చేసిన ముఖ్యకారణం క్షయ. మరుసటి సంవత్సరమే, 1856లో, బ్రౌన్-సెకార్ జంతువులలో ఈ గ్రంథులను తొలగించి, అవి లేకుంటే ప్రాణం నిలవదని చూపాడు.

ఇందుకు పూర్తి విరుద్ధమైన చిత్రాన్ని అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ అందించాడు. 1932లో ఆయన 12 మంది రోగుల గురించి రాసిన వ్యాసంలో గుండ్రంగా ఉబ్బిన ముఖం, పొట్టచుట్టూ కొవ్వు, సన్నబడిన కాళ్లు చేతులు, పలచబడి చారలు పడిన చర్మం, అధిక రక్తపోటు, గుల్లబారిన ఎముకలు ఒకే వ్యాధిలో కలిసి కనిపించడాన్ని వర్ణించాడు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథిలోని కణితి దీనికి మూలమని ఆయన భావించాడు. ఆ గ్రంథి ప్రేరణతో అధివృక్క వల్కలం హద్దు మీరి హార్మోన్లను స్రవించడమే ఈ లక్షణాలకు కారణమని తరువాతి పరిశోధనలు స్థిరపరచాయి.

అంటే కార్టిసోన్ మందుగా పుట్టడానికి చాలా ముందే వైద్యశాస్త్రం దాని రెండు హద్దులనూ చూసింది. హార్మోను లోపిస్తే ఏమవుతుందో అడిసన్ రోగులు చూపారు. అది మితిమీరితే ఏమవుతుందో కుషింగ్ రోగులు చూపారు. దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడే రోగి ఈ రెండు హద్దుల మధ్య నడుస్తాడు. మోతాదు ఎక్కువైతే కుషింగ్ వర్ణించిన రూపం వస్తుంది. ఆకస్మికంగా ఆపితే అడిసన్ వర్ణించిన స్థితి వస్తుంది. సురక్షిత వినియోగానికి సంబంధించిన చర్చ అంతా ఈ ఒక్క వాక్యానికి విస్తరణే.

3. సమ్మేళనం ‘ఇ’ నుండి కార్టిసోన్ దాకా

1930వ దశకంలో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్, స్విట్జర్లాండ్‌లో టాడియస్ రైక్‌స్టైన్ విడివిడిగా పశువుల అధివృక్క గ్రంథుల నుండి హార్మోన్లను వేరుచేసే పనిలో ఉన్నారు. కెండాల్ తాను వేరుచేసిన పదార్థాలకు ఎ, బి, ఇ, ఎఫ్ అని అక్షరాల పేర్లు పెట్టాడు. వీటిలో ‘ఇ’ తరువాతి కాలంలో కార్టిసోన్ అయింది. ‘ఎఫ్’ హైడ్రోకార్టిసోన్ అయింది.

అదే మేయో క్లినిక్‌లో కీళ్లవ్యాధుల వైద్యుడు ఫిలిప్ హెంచ్ మరొక దారిలో ఆలోచిస్తున్నాడు. రుమటాయిడ్ కీళ్లవాతంతో బాధపడుతున్న ఒక రోగికి కామెర్లు రాగానే కీళ్లనొప్పులు తగ్గిపోవడం 1929లో ఆయన గమనించాడు. గర్భిణులలోనూ ఇలాంటి తాత్కాలిక ఉపశమనం కనిపించింది. నయం కాదనుకున్న వ్యాధిని శరీరమే తాత్కాలికంగా వెనక్కి మళ్లించగలుగుతోందంటే, అందుకు కారణమైన పదార్థం ఏదో ఉండాలని ఆయన ఊహించాడు. దానికి ‘పదార్థం ఎక్స్’ అని పేరు పెట్టుకున్నాడు. 1941లో హెంచ్, కెండాల్ ఇద్దరూ సమ్మేళనం ‘ఇ’ని కీళ్లవాతంలో పరీక్షించాలని అనుకున్నారు. అందుకు సరిపడా పదార్థం దొరకలేదు.

రెండవ ప్రపంచయుద్ధం ఆ కొరతను పరోక్షంగా తీర్చింది. జర్మన్ విమానచోదకులు అధివృక్క గ్రంథుల సారాన్ని వాడుతున్నారన్న వదంతి అమెరికాలో ఈ పరిశోధనకు ఊతమిచ్చింది. 1944 డిసెంబరులో మెర్క్ సంస్థ రసాయన శాస్త్రవేత్త లూయిస్ సారెట్ ఎద్దు పైత్యరసంలోని ఆమ్లం నుండి 30కి పైగా దశలలో సమ్మేళనం ‘ఇ’ని తయారుచేశాడు. యుద్ధం ముగిసిన తరువాత ఆ పద్ధతిని మెరుగుపరచి, కొద్ది గ్రాములు పరీక్షలకు అందించగలిగారు.

1948 సెప్టెంబరు 21న మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో, మంచంలో దొర్లడానికి సైతం కష్టపడుతున్న 29 ఏళ్ల మహిళకు హెంచ్ బృందం సమ్మేళనం ‘ఇ’ ఇంజక్షన్లు ప్రారంభించింది. రోజుకు 100 మిల్లీగ్రాములు ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే బిగుసుకుపోయిన కీళ్లు సడలాయి. వారం తిరిగేసరికి ఆమె ఆసుపత్రి దాటి, మూడు గంటల సేపు అంగళ్లు తిరిగి వచ్చింది. హెంచ్, కెండాల్, చార్లెస్ స్లోకమ్, హోవర్డ్ పాలీ 14 మంది రోగుల ఫలితాలను 1949 ఏప్రిల్‌లో వెల్లడించారు. చికిత్సకు ముందు కదలలేని రోగులు ఆ తరువాత నడుస్తున్న దృశ్యాలను చలనచిత్రంగా వైద్యసభలలో చూపించారు. 1950లో కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. తొలి ఇంజక్షనుకూ బహుమతికీ మధ్య వ్యవధి రెండు సంవత్సరాల పైచిలుకు మాత్రమే.

4. తొలి ఆనందం, తొలి హెచ్చరిక

పత్రికలు కార్టిసోన్‌ను అద్భుత ఔషధంగా కీర్తించాయి. హెంచ్ బృందం మాత్రం మొదటి నుండి జాగ్రత్తగానే మాట్లాడింది. మందు ఆపగానే చాలామందిలో వ్యాధి లక్షణాలు త్వరగా తిరిగివచ్చాయని 1949 నివేదికలోనే ఉంది. 1950లో వారు ప్రచురించిన సమగ్ర వ్యాసం దుష్ప్రభావాలను దాచలేదు. ముఖం గుండ్రంగా మారడం, ఒంటికి నీరు పట్టడం, మానసిక స్థితిలో మార్పులు, కండరాల బలహీనత రోగులలో కనిపించాయి. కుషింగ్ 1932లో కణితి వల్ల వచ్చిందని వర్ణించిన రూపం ఇప్పుడు వైద్యుని సూదిమందు వల్ల వస్తున్నది. నేటి లెక్కలో చూస్తే 100 మిల్లీగ్రాముల కార్టిసోన్ సుమారు 20 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సమానం. రోజూ, నిరవధికంగా వాడడానికి అది చిన్న మోతాదు కాదు.

ఉత్సాహాన్ని కొలతకు తెచ్చిన పని బ్రిటన్‌లో జరిగింది. మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్, నఫీల్డ్ ఫౌండేషన్ కలిసి నిర్వహించిన పరీక్షలో తొలిదశ రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న 61 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు కార్టిసోన్, మరొక గుంపుకు ఆస్పిరిన్ ఇచ్చారు. 1954లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం ఒక సంవత్సరం గడిచేసరికి రెండు గుంపుల స్థితిలో చెప్పుకోదగిన తేడా లేదు. కార్టిసోన్ వ్యాధి మంటను చల్లార్చగలదు కానీ దాని మూలాన్ని తొలగించదని ఈ పరీక్ష స్పష్టం చేసింది. ఉపశమనాన్నే నయం కావడంగా భావించి మందును కొనసాగించడంలోని పొరపాటు అప్పుడే బయటపడింది.

5. రెండు శస్త్రచికిత్సలు: 1952, 1954

కార్టిసోన్ చరిత్రలో అతిముఖ్యమైన హెచ్చరిక 1952లో వచ్చింది. రుమటాయిడ్ కీళ్లవాతానికి కొన్ని నెలలుగా కార్టిసోన్ వాడుతున్న 34 ఏళ్ల వ్యక్తికి తుంటికీలు శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత కొద్ది గంటల్లోనే అతని రక్తపోటు పడిపోయింది. ఏ చికిత్సకూ అది కోలుకోలేదు. అతను మరణించాడు. మరణానంతర పరీక్షలో అతని అధివృక్క గ్రంథులు కుంచించుకుపోయి ఉన్నాయి. ఫ్రేజర్, ప్రూస్, బిగ్‌ఫర్డ్ ఈ ఉదంతాన్ని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ప్రచురించారు.

దీని వెనుక పనిచేసిన ప్రక్రియ సరళమైనది. రక్తంలో హార్మోను తగ్గినప్పుడు పీయూష గ్రంథి అధివృక్క గ్రంథికి ప్రేరణ పంపుతుంది, ఎక్కువైనప్పుడు ఆపుతుంది. బయటి నుండి మందు నిత్యం అందుతుంటే పీయూష గ్రంథి ప్రేరణ మానేస్తుంది. పనిలేని అధివృక్క వల్కలం క్రమంగా క్షీణిస్తుంది. జ్వరం, గాయం, శస్త్రచికిత్స వంటి ఒత్తిడి సమయంలో ఆరోగ్యవంతుని శరీరం ఆ హార్మోనును అనేక రెట్లు అధికంగా స్రవిస్తుంది. క్షీణించిన గ్రంథికి ఆ శక్తి ఉండదు. మందు ఒక్కసారిగా ఆగినా, అవసరం ఒక్కసారిగా పెరిగినా ఫలితం ఒకటే: అడిసన్ వర్ణించిన స్థితి అతి తీవ్రరూపంలో ఎదురవుతుంది.

ఈ విషయం 1952 నాటికి శాస్త్రానికి కొత్త కాదన్నది గమనించవలసిన సంగతి. అధివృక్క సారాన్ని అధికంగా ఇస్తే ఎలుకలలో వల్కలం క్షీణిస్తుందని డ్వైట్ ఇంగిల్, కెండాల్ 1937లోనే ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. కార్టిసోన్‌ను వెలికితీసిన కెండాలే ఆ పరిశీలనలో భాగస్వామి. తొలి రోగికి ఇంజక్షను ఇవ్వడానికి 11 సంవత్సరాల ముందే ప్రయోగశాలకు తెలిసిన సత్యం శస్త్రచికిత్స గదికి చేరడానికి ఒక మరణం అవసరమైంది.

అది చేరిన తరువాత ఏమి జరిగిందో రెండు సంవత్సరాలకే జరిగిన మరొక శస్త్రచికిత్స చూపుతుంది. అప్పటి అమెరికా సెనేటర్ జాన్ ఎఫ్. కెన్నెడీకి 1947లో లండన్‌లో అడిసన్ వ్యాధి ఉన్నట్లు నిర్ధారణ అయింది. హార్మోను చికిత్స మీదే ఆయన జీవితం ఆధారపడింది. 1954 అక్టోబరులో న్యూయార్క్‌లో ఆయనకు వెన్నెముక శస్త్రచికిత్స జరిగింది. అధివృక్క లోపం ఉన్నవారికి అంత పెద్ద శస్త్రచికిత్స ప్రాణాంతకమని భావించే రోజులవి. వైద్యులు శస్త్రచికిత్సకు ముందు, జరుగుతున్నప్పుడు, ఆ తరువాత స్టెరాయిడ్ మోతాదును పెంచి, క్రమంగా తగ్గించే పద్ధతిని అనుసరించారు. తరువాత ఇన్ఫెక్షన్ సోకి ఆయన మృత్యుముఖం దాకా వెళ్లినా బయటపడ్డాడు. 1955లో ఒక శస్త్రవైద్య పత్రిక ‘37 ఏళ్ల వ్యక్తి’ అంటూ పేరు లేకుండా ఈ ఉదంతాన్ని ప్రచురించింది.

ఈ ఇద్దరి వ్యాధులు వేరు. ఒకరి గ్రంథులు మందు వల్ల నిద్రపోయాయి, మరొకరివి వ్యాధి వల్ల పనిచేయడం మానేశాయి. శస్త్రచికిత్స బల్ల మీద ఇద్దరికీ ఎదురైన ప్రమాదం మాత్రం ఒకటే. రెండవ రోగి వైద్యులకు ఆ ప్రమాదం ముందే తెలుసు, దానికి తగిన ఏర్పాటు వారి వద్ద ఉంది. స్టెరాయిడ్ వాడే రోగి తన వద్ద కార్డు ఉంచుకోవాలన్న నియమానికి ఈ తేడాయే ఆధారం. బ్రిటన్‌లో దీర్ఘకాలం వాడేవారికి నీలిరంగు చికిత్సా కార్డు ఇచ్చే ఆచారం ఏర్పడింది. 2020 ఆగస్టులో అక్కడి జాతీయ ఆరోగ్య సేవ, అధివృక్క లోపం ముప్పు ఉన్నవారి కోసం అత్యవసర స్టెరాయిడ్ కార్డును ప్రవేశపెట్టింది.

6. మోతాదు, వేళ, మార్గం

1952 తరువాత పరిశోధన మూడు దిశలలో సాగింది. మొదటిది మందు స్వభావాన్ని మార్చడం. 1955లో షెరింగ్ సంస్థ విడుదల చేసిన ప్రెడ్నిసోన్, ప్రెడ్నిసొలోన్ కార్టిసోన్ కంటే నాలుగైదు రెట్లు శక్తిమంతమైనవి. శరీరంలో ఉప్పు, నీరు నిలవచేసే గుణం వాటిలో తక్కువ. ఆ దశకం ముగిసేలోగా ట్రయామ్‌సినొలోన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ వచ్చాయి. సుమారుగా చూస్తే 25 మిల్లీగ్రాముల కార్టిసోన్, 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్, 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్, 0.75 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ ఒకే పనిని చేస్తాయి. మాత్ర చిన్నది కనుక మందు తేలికైనదని అనుకోరాదు. మంటను తగ్గించే గుణాన్ని పెంచగలిగిన రసాయన శాస్త్రం ఎముకలను, రక్తంలో చక్కెరను, రోగనిరోధక శక్తిని దెబ్బతీసే గుణాన్ని దాని నుండి పూర్తిగా విడదీయలేకపోయింది.

రెండవ దిశ వేళకు సంబంధించినది. ఆరోగ్యవంతునిలో ఈ హార్మోను తెల్లవారుజామున, ఉదయం పెరిగి, రాత్రికి తగ్గుతుంది. ఒకే మోతాదు స్టెరాయిడ్‌ను ఉదయం ఇచ్చినప్పటి కంటే అర్ధరాత్రి ఇచ్చినప్పుడు గ్రంథి అణచివేత ఎక్కువగా ఉంటుందని 1965లో నికల్స్, న్యూజెంట్, టైలర్ చూపారు. అంతకు రెండేళ్ల ముందు, 1963లో, హార్టర్, థార్న్ తదితరులు రోజు విడిచి రోజు మందు ఇచ్చే పద్ధతిని పరిశీలించి ప్రచురించారు. మందు లేని రోజున గ్రంథికి కోలుకునే వ్యవధి దొరుకుతుంది. ఉదయం భోజనానంతరం ఒకేసారి వేసుకోవాలన్న సలహాలో నిద్ర పట్టకపోవడం, కడుపులో మంట వంటి ఇబ్బందులను తగ్గించే ఉద్దేశంతో పాటు ఈ శారీరక లయ కూడా ఉంది.

మూడవది మందు శరీరంలోకి వెళ్లే మార్గం. 1952లో సుల్జ్‌బెర్గర్, విటెన్ హైడ్రోకార్టిసోన్‌ను చర్మం మీద పూతగా వాడి ఫలితం సాధించారు. 1972లో బెక్లోమెథాసోన్‌ను పీల్పుమందుగా ఉబ్బసానికి వాడిన ఫలితాలు వెలువడ్డాయి. అవసరమైన చోటికే మందును పంపగలిగితే మిగిలిన శరీరానికి దాని తాకిడి తగ్గుతుంది. ఉబ్బసం రోగులు పీల్పుమందుకు జంకి మాత్రలకు మొగ్గుచూపడం ఈ చరిత్ర దృష్టితో చూస్తే తిరోగమనమే. పీల్చిన తరువాత నోరు పుక్కిలించడమనే చిన్న జాగ్రత్తతో గొంతులో వచ్చే శిలీంధ్ర వ్యాధిని చాలావరకు నివారించవచ్చు.

7. చౌక కావడం, అందుబాటు, దుర్వినియోగం

1949లో కార్టిసోన్ ధర గ్రాముకు సుమారు 200 డాలర్లు. అప్పట్లో బంగారం ఔన్సు ధర 35 డాలర్లు. మెక్సికోలో దొరికే అడవి దుంపల నుండి ప్రొజెస్టెరోన్ తయారుచేసే పద్ధతిని రసెల్ మార్కర్ 1940వ దశకంలో రూపొందించాడు. దానిని కార్టిసోన్‌గా మార్చడంలో కఠినమైన మెట్టును 1952లో అప్‌జాన్ సంస్థ శాస్త్రవేత్తలు పీటర్సన్, మరే దాటారు. రసాయనశాలలో అనేక దశలు పట్టే ఆ పనిని రైజోపస్ అనే బూజు ఒక్క దశలో చేసిపెట్టింది. కొద్ది సంవత్సరాల్లోనే కార్టిసోన్ ధర గ్రాముకు కొన్ని డాలర్లకు దిగింది. బంగారం కంటే ఎన్నో రెట్లు ఖరీదైన పదార్థం సామాన్యునికి అందింది.

ధర తగ్గడం గొప్ప మేలు చేసింది. పర్యవేక్షణ లేని వాడకానికీ అదే తలుపు తీసింది. భారతదేశంలో ఈ ధోరణికి స్పష్టమైన ఆధారం చర్మవైద్యుల అధ్యయనాలలో లభిస్తుంది. 2011లో ప్రచురితమైన బహుకేంద్ర అధ్యయనంలో ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలించగా 433 మంది, అంటే 14.8 శాతం, ముఖానికి స్టెరాయిడ్ లేపనం వాడుతున్నారు. వారిలో 126 మంది దానిని రంగు తేలడానికో, సాధారణ క్రీముగానో, గడ్డం గీసుకున్న తరువాత రాసుకోవడానికో వాడారు. పలచబడిన చర్మం, ఎర్రని రక్తనాళాలు, మొటిమలు, మందు మానగానే భగ్గుమనే మంట ఈ వాడకం ఫలితాలు. మంట తట్టుకోలేక మళ్లీ అదే లేపనం రాయడంతో రోగి ఆ వలయంలో చిక్కుకుంటాడు. తామరకు స్టెరాయిడ్ కలిసిన లేపనం రాసినప్పుడు దురద తగ్గుతుంది, తామర మాత్రం వ్యాపిస్తుంది. 1954 నాటి బ్రిటిష్ పరీక్ష చెప్పిన పాఠమే ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది.

1945 నాటి ఔషధ, సౌందర్య సాధనాల నియమాలలో చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల జాబితా షెడ్యూల్ ‘హెచ్’. పైపూత మందులకు అందులో ఉన్న మినహాయింపు దుర్వినియోగానికి ఆస్కారమిచ్చింది. చర్మవైద్యుల సంఘం చాలాకాలం చేసిన కృషి తరువాత 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 14 స్టెరాయిడ్ లేపనాలను ఆ మినహాయింపు నుండి తొలగించింది.

8. కోవిడ్ కాలం: ఒకే మందు, రెండు ఫలితాలు

కార్టికోస్టెరాయిడ్ల ద్విముఖ స్వభావం ప్రపంచమంతటికీ ఒకేసారి కనిపించిన సందర్భం కోవిడ్-19. బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ పరీక్ష ఫలితాలు 2020 జూన్ 16న వెలువడ్డాయి. 2,104 మందికి రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్‌ను గరిష్ఠంగా 10 రోజుల పాటు ఇచ్చి, సాధారణ చికిత్స పొందిన 4,321 మందితో పోల్చారు. 28 రోజుల్లో మరణాల శాతం కృత్రిమ శ్వాస మీద ఉన్నవారిలో 41.4 నుండి 29.3కి, ఆక్సిజన్ అవసరమైనవారిలో 26.2 నుండి 23.3కి తగ్గింది. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మేలు కనిపించలేదు. వారిలో మందు తీసుకున్నవారి మరణాలు 17.8 శాతం, తీసుకోనివారివి 14 శాతం. ఈ చివరి తేడా యాదృచ్ఛికం కావచ్చును గానీ, స్వల్ప లక్షణాలున్నవారికి ఈ మందు తగదన్న సూచన అందులో స్పష్టంగా ఉంది. 2020 జూన్ 27న భారత ఆరోగ్య మంత్రిత్వశాఖ తన చికిత్సా మార్గదర్శకాలలో డెక్సామెథాసోన్‌ను చేర్చింది. చౌకైన, పాతదైన మందు వేలాది ప్రాణాలను నిలిపిందనడంలో సందేహం లేదు.

అదే మందును వ్యాధి మొదటి రోజుల్లోనే, అవసరానికి మించిన మోతాదులో, ఎక్కువ రోజులు, రక్తంలో చక్కెర చూడకుండా వాడిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2020 సెప్టెంబరు–డిసెంబరు మధ్య దేశంలోని 16 ఆసుపత్రులలో నమోదైన 287 మంది మ్యూకార్‌మైకోసిస్ రోగులలో 187 మందికి కోవిడ్‌తో సంబంధం ఉన్నట్లు ఒక అధ్యయనం తేల్చింది. రక్తంలో ఆక్సిజన్ తగ్గడం, స్టెరాయిడ్లను తగని రీతిలో వాడడం ఈ వ్యాధితో ముడిపడిన అంశాలుగా ఆ అధ్యయనం గుర్తించింది. 2021 మేలో రెండవ ఉధృతి సమయంలో ‘బ్లాక్ ఫంగస్’ పేరుతో ఈ వ్యాధి ఇంటింటి భయమైంది. తెలంగాణ ప్రభుత్వం దీనిని తప్పక నమోదు చేయవలసిన వ్యాధిగా ప్రకటించి, హైదరాబాదు కోఠీలోని చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిని ప్రధాన చికిత్సాకేంద్రం చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీనిని ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఎందరో రోగులు కన్ను, దవడ ఎముక, ప్రాణం కోల్పోయారు.

ఈ వ్యాధిని కలిగించే బూజులలో ముఖ్యమైనది రైజోపస్ ప్రజాతికి చెందినది. 1952లో కార్టిసోన్‌ను చౌకగా చేసినదీ ఆ ప్రజాతికి చెందిన బూజే. మట్టిలో, కుళ్లిన పదార్థాలలో అంతటా ఉండే ఈ జీవి ఆరోగ్యవంతునికి సాధారణంగా హాని చేయదు. మధుమేహం అదుపు తప్పి, స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని అణచినచోట అది ప్రాణాంతకమవుతుంది.

9. నియమాలు – చారిత్రక మూలాలు

పై పరిశీలన ఆధారంగా నేటి ముఖ్య నియమాలను వాటి మూలాలతో ఇలా క్రోడీకరించవచ్చు.

*అ) ఉన్నట్టుండి ఆపరాదు.* సుమారు మూడు వారాలకు మించి మాత్రలు వాడినవారు వైద్యుని సూచన మేరకు క్రమంగా తగ్గించుకోవాలి. ఇంగిల్, కెండాల్‌ల 1937 పరిశీలన, 1952 నాటి మరణం దీనికి మూలాలు.

*ఆ) ప్రతి వైద్యునికీ చెప్పాలి.* శస్త్రచికిత్సకు, దంతచికిత్సకు ముందు, ప్రమాదాలలో, తీవ్రజ్వరంలో ఈ సమాచారం ప్రాణం నిలుపుతుంది. దీర్ఘకాలం వాడేవారికి జ్వరం వచ్చినప్పుడు మోతాదు పెంచవలసి రావచ్చు. వాంతుల వల్ల మాత్ర నిలవకపోతే ఇంజక్షను కోసం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 1952, 1954 శస్త్రచికిత్సల మధ్య తేడా దీనికి ఉదాహరణ.

*ఇ) తక్కువ మోతాదు, తక్కువ కాలం, ఉదయపు వేళ.* 1950 నాటి దుష్ప్రభావాల నివేదికలు, 1963, 1965 పరిశోధనలు దీనికి ఆధారాలు.

*ఈ) సహచర వ్యాధులను కనిపెట్టాలి.* రక్తంలో చక్కెర, రక్తపోటు, కళ్లు, ఎముకలు పరీక్షించుకోవాలి. ఎముకల రక్షణకు కాల్షియం, విటమిన్ డి వంటివి అవసరమేమో వైద్యుని అడగాలి. దాగి ఉన్న క్షయ తిరగబెట్టవచ్చు కనుక భారతీయ రోగుల విషయంలో ఈ జాగ్రత్త మరింత ముఖ్యం. అధిక మోతాదు వాడేవారు సజీవ టీకాలకు ముందు వైద్యుని సంప్రదించాలి. ఆటలమ్మ సోకినవారికి దూరంగా ఉండాలి.

*ఉ) రాసినవారికే, రాసినన్నాళ్లే.* 2011 చర్మ అధ్యయనం, 2018 ప్రభుత్వ ఉత్తర్వు, 2021 అనుభవం ఈ నియమాన్ని సమర్థిస్తున్నాయి.

10. ముగింపు

కార్టికోస్టెరాయిడ్ల చరిత్రను కేవలం ఒక ఆవిష్కరణ విజయగాథగా చదివితే 1950 నోబెల్ బహుమతితో అది ముగుస్తుంది. కేవలం దుష్ప్రభావాల చిట్టాగా చదివితే రోగిలో భయమే మిగులుతుంది. ఆ భయమే మందును అకస్మాత్తుగా మానేయడానికి దారితీసి, తప్పించుకోదలచిన ప్రమాదాన్నే తెచ్చిపెడుతుంది. ఈ రెండు పఠనాలూ అసంపూర్ణమే.

1937లో ప్రయోగశాలకు తెలిసినది 1952లో శస్త్రవైద్యునికి తెలియలేదు. 1954లో నిరూపితమైనది నేటికీ తామరకు స్టెరాయిడ్ లేపనం రాసుకునేవారికి తెలియదు. 2020 జూన్‌లో ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు లేదని తేలిన మందు 2021 మేలో వ్యాధి తొలిరోజుల్లోనే ఎందరికో అందింది. ప్రతి సందర్భంలోనూ కొరవడినది మందు కాదు, శాస్త్రమూ కాదు. వాటి మధ్య ఉండవలసిన సమాచార వారధి. చీటీ మీద రాసే మోతాదుతో పాటు ఎందుకు, ఎప్పుడు, ఎంతకాలం, ఎలా ఆపాలి అన్న నాలుగు వాక్యాలు రోగి భాషలో రోగికి చేరినప్పుడే ఈ మందు పూర్తిగా మేలు చేస్తుంది. తెలుగులో ప్రామాణికమైన రోగి సమాచార పత్రాలు, తెలుగు స్టెరాయిడ్ కార్డు రూపకల్పన వైద్యులు, భాషావేత్తలు కలిసి చేపట్టదగిన పని. 1952 నాటి రోగి మరణం నేర్పిన పాఠం అటువంటి కార్డు మీద ఒక్క పంక్తిలో సరిపోతుంది.